అందరూ వాడే చిత్రిక మిషన్‌కి ఒక బాధ్యుడు ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు. కొంతమందిమి కలిసి అద్దెకు తీసుకున్నాం, తలా కొంత వేసుకుని మిషన్లు కొన్నాం, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వచ్చి చెక్కపని చేసుకుంటాం. కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం వస్తారు, రిటైరైన మాస్టార్లు మనవళ్లకి బొమ్మబండ్లు చేస్తారు, పూజా మందిరం సొంతంగా చేసుకోవాలని ఆడవాళ్లు కూడా వస్తున్నారు, సొంత మిషన్ కొనలేని నాలాంటి వడ్రంగులు ద్వారబంధాలు, కిటికీ రెక్కలు ఇక్కడే తీస్తారు. ఇలాంటివి ఊళ్లో ఇంకా రావాలి. చిత్తూరులో, శ్రీకాళహస్తిలో కూడా పెట్టాలని అడుగుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ మిషన్లు కొనకముందే ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. జాయింటర్, అదే మనం చిత్రిక మిషన్ అనేది, పదిమంది వాడే చోట దానికి పేరుపెట్టి ఒక బాధ్యుడు ఉండాలి, తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి, ఆయన నేర్పనిదే ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. సంఘంలో సభ్యుడైనా సరే, డబ్బు ఎక్కువ వేసినవాడైనా సరే.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. రెండు చదునైన ఇనుప బల్లలు ఎదురెదురుగా ఉంటాయి, వాటి మధ్య సందులో గుండ్రటి కట్టర్ ఒకటి తిరుగుతూ ఉంటుంది, దానికి రెండో మూడో నాలుగో బ్లేడ్లు. ముందు బల్ల కొంచెం కిందికి ఉంటుంది, వెనక బల్ల సరిగ్గా బ్లేడు అంచు ఎత్తులో ఉంటుంది. ముందు బల్ల ఎంత కిందికి దింపితే అంత మందం లేచిపోతుంది. వంకర పోయిన పలకని ముందు బల్ల మీద పెట్టి చేత్తో తోస్తే అడుగు వైపు చదునై వెనక బల్ల మీదికి వస్తుంది. ఒక ముఖం చదును చేశాక దాన్ని బల్ల మీద నిలువుగా ఉండే గైడుకి ఆనించి పక్క అంచు తీస్తే మూలమట్టానికి సరిపోతుంది. చేత్తో చిత్రిక పడితే అర పూట పట్టే పని ఇక్కడ నిమిషాల్లో అయిపోతుంది, అందుకే షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు దాని దగ్గరికే వస్తాడు.

రంపం మిషన్ అంటే అందరికీ భయమే. పళ్లు కనిపిస్తాయి, శబ్దం గుండెల్లో పడుతుంది, కొత్తవాడు దూరంగానే నిలబడతాడు. చిత్రిక మిషన్‌లో బ్లేడు చెక్క కింద దాక్కుని ఉంటుంది. పైనుంచి చూస్తే చెక్క మెల్లగా జారుతూ పోతున్నట్టే ఉంటుంది, చేతులు దాని మీద ఆనించి ఉంటాయి, చెయ్యికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఉన్నది ఆ చెక్క ఒక్కటే. చెక్క ఎగిరిందంటే ఆ అడ్డు పోయినట్టే, అప్పటిదాకా దాన్ని కిందికి నొక్కుతున్న చెయ్యి ఆ బరువుతోనే కిందికి దిగుతుంది. మామూలుగా ఈ కట్టర్లు నిమిషానికి 4,000 నుంచి 6,000 చుట్లు తిరుగుతాయి. మూడు బ్లేడ్లున్న కట్టర్ 5,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 250 సార్లు బ్లేడు వచ్చి పోతున్నట్టు లెక్క. చెయ్యి వెనక్కి తీసుకునేలోపు అంటాం కదా, ఆ లోపే ఎన్నిసార్లు వచ్చిపోతుందో మీరే చూడండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రంపం తెగ్గోస్తే తెగిన వేలు దొరుకుతుంది. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు మీద ఉంచి (ఐసు నేరుగా వేలికి తగలకూడదు) వెంటనే తీసుకెళ్తే కొన్నిసార్లు అతికించగలుగుతారు. చిత్రిక మిషన్ తెగ్గొయ్యదు, తురుముతుంది. మా పెదనాన్నకి ఎడమచేతి రెండు వేళ్ల చివరలు అలాగే పోయాయి. అప్పట్లో ఆయన వేరే ఊళ్లో ఒకరి దగ్గర పనిచేసేవాడు, ఆ మిషన్‌కి కట్టర్ని కప్పే గార్డు లేదు, పొట్టి ముక్క ఒకటి తీస్తుంటే ముడి దగ్గర తన్నింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు, డాక్టరు చేయగలిగింది పుండు మూసి కుట్టడం వరకే, అతికించడానికి ముక్క అంటూ ఏమీ మిగల్లేదు. పొట్టులో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా ఆయన వడ్రంగి పనే చేశాడు, కానీ ఉలి పట్టుకునేటప్పుడు ఆ రెండు వేళ్లూ దాన్ని పట్టలేక జారిపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి పెద్దాసుపత్రులున్న ఊరు మనది, ఏదైనా అయితే చూసుకోవచ్చులే అనే ధైర్యం ఈ మిషన్ విషయంలో పనికిరాదు.

ఇక ఉమ్మడి షెడ్డు సంగతికి వస్తాను. సొంత షాపులో మేస్త్రీకి నిన్న రాత్రి మిషన్‌ని ఎలా వదిలాడో తెలుసు. ఇక్కడ తెలియదు. రాత్రి వచ్చినవాడు ముతక పలకలు తీయడానికి ముందు బల్లని బాగా దింపి ఉండొచ్చు, ఏటవాలు అంచు కోసం గైడుని వంచి బోల్టు సగమే బిగించి ఉండొచ్చు, అడ్డమొస్తోందని గార్డు తీసి మూల పెట్టి ఉండొచ్చు, మేకు తగిలి బ్లేడు పెచ్చు లేచినా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయి ఉండొచ్చు. పొద్దున వచ్చినవాడు అంతా బాగానే ఉందనుకుని బటన్ నొక్కుతాడు. ముందు బల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగి ఉంటే గట్టి చెక్క ఒక్కసారిగా అంత లోతు తినలేక వెనక్కి తన్నుతుంది. చేవ ఉన్న టేకుకో, మద్దికో ఒక్కో విడతకి ఒక మిల్లీమీటరు చాలు, మెత్తటి చెక్కకైనా రెండు దాటనక్కర్లేదు. ఇంకో రెండు విడతలు తోస్తే పోయేదేముంది?

అందుకని మా దగ్గర పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, ఎవరు మిషన్ దగ్గరికి వచ్చినా ముందు మెయిన్ ఆపేసి, ముట్టుకుని చూసుకోవాలి. గార్డు ఉందా, స్ప్రింగు పనిచేస్తోందా, చెయ్యి తీయగానే తనే మూసుకుంటోందా చూడాలి. గైడు కదిపి చూడాలి. ముందు బల్ల స్కేలు ఎంత మీద ఉందో చూసి ఒక మిల్లీమీటరుకి తేవాలి. తర్వాత స్టీలు స్కేలు ఒకటి వెనక బల్ల మీద నిలబెట్టి, బెల్టు పట్టుకుని కట్టర్ని మెల్లగా తిప్పితే బ్లేడు స్కేలు అడుగుని రాసీ రాయనట్టు పోవాలి. వెనక బల్ల బ్లేడు కంటే ఎత్తుగా ఉంటే చెక్క వెళ్లి దాని అంచుకి కొట్టుకుని ఆగిపోతుంది, ఆగగానే మనిషి ఇంకా గట్టిగా తోస్తాడు, ప్రమాదం అక్కడే. కిందికి ఉంటే చెక్క చివర్లో టక్కున పడి గుంట పడుతుంది. ఇదంతా చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు ఆగలేనివాళ్లకి మేం తాళం ఇవ్వం.

మన దగ్గర ఎక్కువగా దొరికే కాంబినేషన్ మిషన్ గురించి విడిగా చెప్పాలి. ఒకే మోటారు, ఒకే షాఫ్టు, మధ్యలో చిత్రిక కట్టర్, ఒక పక్క రంపం, రెండో పక్క డ్రిల్లు. ధర తక్కువ, చోటు తక్కువ, అందుకే ఉమ్మడి షెడ్లలో ముందు కొనేది అదే. దాని మీద ఒకాయన రంపంతో కోసుకుంటున్నాడంటే పక్కనే చిత్రిక కట్టర్ కూడా అంతే వేగంతో తిరుగుతూ ఉంటుంది. ఆయన కళ్లు రంపం మీదే ఉంటాయి, కోసిన ముక్క అందుకోవడానికి ఇంకొకాయన అవతలి నుంచి బల్ల మీద చెయ్యి ఆనిస్తాడు. గార్డు లేకపోతే ఏం జరుగుతుందో రాయక్కర్లేదు. ఆ మిషన్ వాడేచోట రంపం పని చేసేటప్పుడు కట్టర్ మీద పూర్తిగా కప్పే మూత బిగించి ఉండాల్సిందే, బ్లేడ్లు విప్పేస్తే ఇంకా మంచిది. వీలుంటే అసలు అలాంటిది కొనకండి, చిత్రిక మిషన్ విడిగా కొనండి.

కరెంటు సంగతి మన జిల్లాల్లో అందరికీ అర్థమయ్యేదే. బోరు మోటార్లకి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు, కరెంటు రాగానే మోటారు తనంతట తనే ఆన్ అయ్యేలా. పొలంలో దానికో అవసరముంది. చిత్రిక మిషన్‌కి అది ప్రాణాంతకం. కొన్ని షెడ్లలో మిషన్‌ని నేరుగా గోడ స్విచ్చుకి కలిపి నడుపుతారు. కరెంటు పోతుంది, ఇరుక్కున్న పొట్టు తీద్దామని మనిషి సందులో వేళ్లు పెడతాడు, స్విచ్ ఆపడం గుర్తుండదు, కరెంటు వస్తుంది. ఇలా జరగకుండా ఉండాలంటే మామూలు పచ్చ బటను, ఎర్ర బటను స్టార్టర్ చాలు. కరెంటు పోతే అది విడిపోతుంది, వచ్చాక మనిషి మళ్లీ పచ్చ బటను నొక్కితేనే మోటారు తిరుగుతుంది. చిత్రిక మిషన్ ధరతో పోలిస్తే దీనికయ్యేది చాలా తక్కువ. ఎర్ర బటను మాత్రం మోకాలితోనో తొడతోనో నొక్కేంత దగ్గర్లో, పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే అవసరం వచ్చినప్పుడు రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి. బాడీకి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, నవంబరు వానల్లో షెడ్డు నేలంతా చెమ్మగా ఉంటుంది.

వానలంటే ఇంకోటి గుర్తొచ్చింది. మనకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలప్పుడే కదా, ఆ రోజుల్లో పోత ఇనుప బల్ల మీద రాత్రికి రాత్రే తుప్పు పొర వచ్చేస్తుంది. తుప్పు పట్టిన బల్ల మీద చెక్క జారదు, జారకపోతే బలం పెట్టి తోస్తాం, బలం పెట్టి తోసేటప్పుడే చెయ్యి జారుతుంది. సన్న గరుకు కాగితంతో తుడిచి, కొవ్వొత్తి మైనం రుద్ది, గుడ్డతో మెరుగుపెడితే చెక్క వేలితో నెట్టినా పోతుంది. నూనె పుయ్యకండి, చెక్కకి అంటుకుని తర్వాత పాలిష్ పట్టదు.

ఇప్పుడు తోసే పద్ధతి. ఇది మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. మిషన్‌కి ఎదురుగా చెక్క వెనకాల నిలబడొద్దు, పక్కన నిలబడాలి, వెనక్కి తన్నితే చెక్క పోయేది ఆ వరసలోనే. ఎడమ కాలు ముందుకి, కుడి కాలు వెనక్కి. పలకలో గుంట ఉన్న వైపు కిందికి పెట్టాలి, రెండు చివరలూ బల్లకి ఆనుతాయి, ఊగదు. చెక్క నార వాలు చూసుకోవాలి, ఎదురు నారలో తోస్తే పేళ్లు లేస్తాయి, చెక్క అదురుతుంది. మోటారు పూర్తి వేగం అందుకునేదాకా ఆగాలి, ఆ శబ్దం ఒక స్థాయికి వచ్చి నిలకడగా ఉంటుంది, అప్పుడే చెక్క ముట్టించాలి. మొదట బరువంతా ముందు బల్ల మీద. చెక్క కట్టర్ దాటి ఒక జానెడు వెనక బల్ల మీదికి రాగానే ఎడమ చెయ్యి అవతలికి మారి అక్కడ నొక్కాలి, ఎందుకంటే ఇప్పటికే చదునైన భాగం అక్కడుంది, ఇకమీద చెక్క దాని ఆధారంతోనే నడవాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు, ముందు బల్ల మీదే చివరిదాకా నొక్కుతూ ఉంటారు, దాంతో పలక చదును కాదు, చివరికి వచ్చేసరికి చెయ్యి కట్టర్ దగ్గరికి వచ్చేస్తుంది. చెయ్యి మార్చేటప్పుడు కట్టర్ మీదుగా చెక్కని పట్టుకుని జార్చుకుంటూ పోకూడదు. చెయ్యి పైకెత్తాలి, అవతల దించాలి. కట్టర్‌కి అటూ ఇటూ నాలుగేసి అంగుళాల చోటుంది చూడండి, అందులో వట్టి చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. మేం అక్కడ రెండు పక్కలా ఎర్ర పెయింటు గీతలు గీశాం. వెడల్పు ముఖం తీసేటప్పుడు తోపుడు దిమ్మలు వాడాల్సిందే, రెండు చేతులకీ రెండు. అడుగున రబ్బరు అతికించి, వెనక చిన్న మడమ కొట్టిన చెక్క దిమ్మ, పైన పిడి, అంతే. మిగిలిన ముక్కలతో ఎవరైనా చేసుకోవచ్చు. మడమ పలక చివరని పట్టి తోస్తుంది, వేలు పలక వెనక్కి దిగే అవసరమే రాదు.

పొట్టి ముక్కలతోనే అసలు పేచీ. మొన్న ఒక ఇంజనీరింగ్ అబ్బాయి వచ్చాడు, మంచి పిల్లోడు, చేతిలో జానెడు వేప ముక్క, పీటకి కాలు చేయాలంటాడు. "అన్నా, ఒక్క ముక్కే కదా, ఇలా పెట్టి ఇలా తీసేస్తా" అన్నాడు. "నాయనా, అది బల్లల మధ్య సందు దాటేసరికి నీకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు, మూతి కిందికి వంగి సందులోకి దిగుతుంది" అని చెప్పి, మిషన్ ఆపి, కరెంటు తీసి, ఆ ముక్కని అలాగే సందు మీద పెట్టి చూపించాను. ముందు అంచు ఇంకా వెనక బల్ల మీద కుదురుకోకముందే వెనక అంచు ముందు బల్ల మీది నుంచి లేవడానికి సిద్ధంగా ఉంది, వాడి బొటనవేలు ఎర్ర గీతల లోపలికి వచ్చేసి ఉంది. అప్పుడు అర్థమైంది వాడికి. అడుగు కంటే పొట్టిది, అంటే 300 మిల్లీమీటర్లు లేనిది, ఈ మిషన్ మీద పెట్టకూడదు. అర అంగుళం కంటే పల్చటి పలకని వెడల్పు ముఖం మీద తీయకూడదు, అది అదిరి పగిలిపోతుంది. పొట్టి ముక్కలు కావాలంటే పొడుగు చెక్కని ముందు చదును చేసుకుని ఆ తర్వాతే కోసుకోవాలి. ఆ అబ్బాయికి చేతి చిత్రిక ఇచ్చి, ముక్కని బల్లకి బిగించి, అరగంటలో కాలు తీయించాను. పని నేర్చుకున్నాడు కూడా.

పాత చెక్క గురించి ఒక్క మాట. మన ఊళ్లో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే చోట్ల నాటు టేకు ద్వారబంధాలు, దూలాలు చవగ్గా దొరుకుతున్నాయి, చాలామంది వాటినే తెస్తున్నారు. చెక్క బంగారమే, కానీ లోపల తల విరిగిన మేకులుంటాయి, అంచుల్లో సున్నం, సిమెంటు ఇసుక పట్టుకుని ఉంటుంది. మేకు తగిలితే బ్లేడు ముక్క ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. అయస్కాంతం ఒకటి తాడుకి కట్టి పలక పొడుగునా తిప్పండి, ఇనుప బ్రష్‌తో రుద్దండి, అనుమానం ఉన్న చోట ఉలితో గీకి చూడండి. అప్పటికీ తేలకపోతే మిషన్ మీద పెట్టకండి.

గ్లౌజులు వద్దు. చాలామంది అవి రక్షణ అనుకుంటారు, తిరిగే కట్టర్‌కి గుడ్డ అంచు దొరికితే చేతినే లోపలికి లాక్కుంటుంది. ఉంగరాలు, కడియాలు, గాజులు, వదులు చేతుల చొక్కాలు, చున్నీ, పైకి కట్టని లుంగీ, ఇవన్నీ అంతే. చేతికి కట్టుకున్న దేవుడి దారం తీయడానికి చాలామందికి మనసొప్పదు, నాకు తెలుసు. కొండకి వెళ్లొచ్చిన వాళ్లు ఎంత భక్తిగా కట్టుకుంటారో రోజూ చూస్తున్నాం. వేలాడే కొసలు కత్తిరించి, మణికట్టు మీద టేపు గట్టిగా చుట్టి పని చేయండి, లేదంటే పని అయ్యేదాకా జేబులో పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. చెవులకి కూడా ఏదైనా పెట్టుకోవాలి, రోజంతా ఈ శబ్దంలో ఉంటే వినికిడి తగ్గుతుంది, పాత మేస్త్రీలని పిలిచి చూడండి, రెండోసారికి గానీ పలకరు. చెక్కదుమ్ముని క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో పెట్టారు ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థవాళ్లు, కాబట్టి ముక్కుకి మాస్కు.

ఆపాక కూడా ఆ మిషన్‌ని నమ్మకూడదు. బటన్ నొక్కగానే మోటారు హోరు తగ్గిపోతుంది, పక్కనున్నవాళ్లు ఆగిపోయిందనుకుంటారు, కట్టర్ మాత్రం ఇంకా చాలాసేపు దాదాపు చప్పుడే లేకుండా తిరుగుతుంది. బరువైన ఇనుప దిమ్మ, ఊపు తొందరగా పోదు. యూరప్ దేశాల్లో ఇలాంటి మిషన్ పది సెకన్లలో ఆగేలా బ్రేకు పెట్టాలని నియమం ఉంది. మన దగ్గర దొరికేవాటికి ఎక్కువగా బ్రేకు ఉండదు. అందుకే ఆపినవాడు అది పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడాలి, ఫోన్ వచ్చినా సరే. పొట్టు తీసేది కర్రతోనో బ్రష్‌తోనో, వేళ్లతో ఎప్పుడూ కాదు.

చట్టం సంగతి కూడా చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 21లోనే తిరిగే యంత్ర భాగాలకి కంచె ఉండాలని రాశారు. కానీ కరెంటు మిషన్లున్న చోట పది మంది పనివాళ్లుంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో ఆ సంఖ్య ఇరవై. సభ్యులే వచ్చి సొంత పని చేసుకునే షెడ్డులో పనివాళ్లే లేరు, ఇన్‌స్పెక్టరు రాడు, అడిగేవాడు లేడు. అమెరికాలో ఓషా అనే కార్మిక భద్రత సంస్థ నియమాల్లో చేత్తో తోసే ఈ మిషన్ గురించి విడిగా రాసిపెట్టారు. కట్టర్ గుండ్రంగానే ఉండాలి, బ్లేడు దాని ఒంటి నుంచి అంగుళంలో ఎనిమిదో వంతుకి మించి బయటికి రాకూడదు, గైడుకి పనిచేసే వైపున కట్టర్ని కప్పే గార్డు ఉండాలి, అది చెక్కకి ఆనుకునే ఉండి, మిగిలిన కట్టర్ భాగాన్ని తనంతట తనే మూసేయాలి. మనల్ని ఎవరూ అడగరు కాబట్టి ఇవి మనమే పెట్టుకోవాలి.

బాధ్యుడు అన్నానే, ఆయన చేయాల్సినవి ఇవే. కొత్త సభ్యుడిని పక్కన నిలబెట్టుకుని, ముందు మిషన్ ఆపి ఉండగా ఒట్టి తోపుడు చేయించాలి, తర్వాత తన కళ్లముందు పొడుగాటి మెత్తటి పలకలు తీయించాలి, చెయ్యి మార్చడం కుదిరిందనుకున్నాకే పేరు పుస్తకంలో రాయాలి. మన ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కే ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకుంటారు, ఎవరూ వీడియో చూసి నేర్చుకోరు. మిషన్‌కీ అలా పక్కనుండి చూపించేవాళ్లు కావాలి. బ్లేడ్లు మొండిబారాయా లేదా చూసేదీ, మార్చేదీ ఆయనే. మార్చేటప్పుడు ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో వేసుకుని మరీ విప్పాలి, వేరే మూల ఉన్న మనిషి తెలియక మెయిన్ వేసేస్తాడు. బోల్టులన్నీ ఒక్కసారి గట్టిగా కాకుండా మూడు దఫాలుగా బిగించాలి, చివరికి కట్టర్ని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూశాకే ఫ్యూజు పెట్టాలి. షెడ్డులో ఒక్కరే ఉన్నప్పుడు చిత్రిక మిషన్ తాళం ఎవరికీ ఇవ్వకూడదు, ఆయనకి కూడా. 108కి ఫోన్ చేయడానికి ఇంకో మనిషి ఉండాలి.

ఇంత కఠినంగా ఉంటే ఎవరూ రారని మాలో కొందరు అన్నారు. పదిహేనేళ్లుగా పని చేస్తున్న మేస్త్రీని మళ్లీ నేర్చుకోమంటే ఎలా అన్నారు. నాకు ఆ మాట అర్థమవుతుంది, అనుభవమున్నవాళ్లకి అది చిన్నతనంగా ఉంటుంది. కానీ మా పెదనాన్నకి అనుభవం తక్కువై వేళ్లు పోలేదు, ఆ మిషన్‌కి గార్డు లేక పోయాయి. మేస్త్రీకి కావాల్సింది పాఠం కాదు, ఆ మిషన్ ఆ రోజు ఏ స్థితిలో ఉందో తెలియడం. అందుకు పుస్తకంలో ఒక గీత గీసి, ముందు వాడినవాళ్లు ఏం మార్చారో రాస్తున్నాం. పెద్ద మేస్త్రీలు కూడా ఇప్పుడు అది చూసే బటన్ నొక్కుతున్నారు.

మీ పత్రికకి నా విన్నపం. జిల్లా పేజీల్లో ఒక అర పేజీ ఇచ్చి, చిత్రిక మిషన్ బొమ్మ వేసి, గార్డు ఎక్కడుండాలి, ఎర్ర గీతలు ఎక్కడ గీయాలి, స్టార్టర్ ఎలాంటిది కావాలి అనేది తెలుగులో ప్రచురించండి. షెడ్డు గోడకి అంటించుకునేలా ఉంటే చాలు. మిషన్లతో వచ్చే కాగితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటున్నాయి, చదవాల్సినవాళ్లు వాటిని అట్టపెట్టెతో పాటే పారేస్తున్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్ ఇన్‌స్ట్రక్టర్లు నెలకో ఆదివారం ఇలాంటి షెడ్లకి వచ్చి ఒక పూట చూపించగలిగితే మేం ఎదురొచ్చి తీసుకెళ్తాం. కొత్తగా కొనబోయేవాళ్లకి నేను చెప్పేది ఇంతే: గార్డు లేకుండా, స్టార్టర్ లేకుండా మిషన్ ఇస్తామంటే డబ్బు కట్టకండి. గార్డు విడిగా కొనుక్కోవాలంటే దాని ధర కూడా కలిపి బిల్లు వేయించుకోండి, బిగించి చూపించాకే బండి ఎక్కించండి.

ఇట్లు,
ఒక వడ్రంగి, తిరుపతి